ఘుసూన్ చదవని వాక్యం

హుదైదా రేవులో ఉన్న రోజుల్లో ఘుసూన్ ఒక చిన్న రేడియో కేంద్రంలో గాలి కబురు చదివేది. "ఈ రోజు దక్షిణపు గాలి గట్టిగా ఉంది, చిన్న పడవలు లోపలికి పోవద్దు" అని ఆమె అంటే జాలరులు విప్పిన వలలు మళ్ళీ చుట్టేసి ఇళ్ళకు పోయేవారట. ఆమె భర్త యహ్యా కూడా జాలరే. "రేవు మొత్తం నీ పెళ్ళాం మాట విని కూర్చుంటోంది, ఇక ఇంట్లో నీ సంగతి మేం అడగాలా!" అని తోటివాళ్ళు ఏడిపించేవారని అతనే నాకు చెప్పి నవ్వాడు. యుద్ధం రేవు దాకా వచ్చాక రేడియో మూగబోయింది, పడవ కాలిపోయింది. మొగుడూ పెళ్ళాలు చేతికందింది మూట కట్టుకుని, తోటి వాళ్ళతో కలిసి మా కొండల్లోకి ఎక్కి వచ్చారు. బనీ సుహైల్ ఊరికి పైన, బడి మైదానంలో గుడారాలు వేసుకున్నారు.

నేను నీళ్ళ ట్యాంకరు నడుపుతాను. ఊరికీ గుడారాలకీ నీళ్ళు మోసేది నేనే కాబట్టి రెండు వైపులా నన్ను నీళ్ళ సాలెం అంటారు. ఒక వైపు మాట రెండో వైపు మోయడని నమ్మకం కుదరడం వల్ల నా ముందు ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. అందుకే ఈ కథ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను.

ఆ రోజుల్లో నా బండి కొండ కిందే ఆగిపోయేది. గుడారాల ఆడవాళ్ళు పసుపుపచ్చ డబ్బాలు నెత్తిన పెట్టుకుని, రాళ్ళలో కాళ్ళు పెట్టుకుంటూ ఎక్కేవారు. పురుళ్ళకు మనుషుల్ని దుప్పటిలో వేసి దించేవారు. అలాంటప్పుడు ఒక సహాయ సంస్థ వచ్చి, కింద సంత నుంచి బడి మైదానం దాకా రాళ్ళు పరిచి దారి వేస్తామంది. యంత్రాలు తీసుకురారు, అంతా చేతి పనే. ఆ పని ఊరివాళ్ళకూ గుడారాలవాళ్ళకూ పంచి ఇస్తారు.

పని అన్నాక తగువు తప్పుతుందా? రాయి చెక్కడం మా కొండవాళ్ళకు తరతరాల విద్య. మోత పని రేవు నుంచి వచ్చినవాళ్ళకు పడింది. "చేపలోళ్ళ చేతికి రాయి ఇస్తే జారిపోతుంది, జాగ్రత్త" అని వీళ్ళు అనేవారు. "మీరు చెక్కేలోపు మేం సముద్రం దాటొస్తాం" అని వాళ్ళు అనేవారు. ఊరివాళ్ళ లెక్కలో ఉద్యోగాలన్నీ పరాయివాళ్ళే తన్నుకుపోయారు. గుడారాలవాళ్ళ లెక్కలో మంచి కూలి అంతా ఊరికే పోయింది.

ఈ రెండింటి మధ్యా నిలబడి నిజం చెప్పే మనిషి కావాలని సంస్థవాళ్ళు ఘుసూన్‌ను పెట్టుకున్నారు. ఈసారి ఎవరికి పని వచ్చింది, ఎందుకు వచ్చింది, తరువాత వంతు ఎవరిది అని ఆమె ఇల్లిల్లూ గుడారం గుడారం తిరిగి చెప్పేది. తిరగలేని రోజు ఫోనులో మాట రికార్డు చేసి రెండు వైపులకూ ఒకే మాట పంపేది. మొదట్లో ఊరి ఆడవాళ్ళు మొహం చాటేశారు. ఒకసారి తన మొగుడికే వంతు రాలేదన్న సంగతి ఆమె తన నోటితోనే ఫోనులో చెప్పింది. ఆ తరువాత మెల్లగా "ఉస్తాదా" అని, పంతులమ్మను పిలిచినట్టు, పిలవడం మొదలుపెట్టారు.

"చెడ్డ కబురు ముందు చెప్పెయ్యాలి సాలెం అన్నా" అనేది నాతో. "గాలి సంగతి చివర్లో చెప్తే పడవ అప్పటికే నీళ్ళలో ఉంటుంది."

దారి దాదాపు అయిపోవచ్చింది. ఆగస్టు వానలు పట్టుకున్నాయి. చివరి మలుపు దగ్గర గట్టు తడిసి బరువెక్కింది. దాని కింద అడుగు గోడకు రాళ్ళు పేర్చాలి. "గట్టు తడిసింది, ఇవాళ దిగం" అన్నారు పనివాళ్ళు. మేస్త్రీ ముక్బిల్ ఒప్పుకోలేదు. అతను ఊరివాడు, ఊరి పెద్ద షేక్ దబ్వాన్‌కు దగ్గరి చుట్టం, రాతి పనిలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు. అదన్ పట్నం నుంచి పెద్దలు చూడడానికి వస్తున్నారనీ మలుపు పూర్తవ్వాలనీ అతని మీద ఒత్తిడి ఉంది. దిగమన్నాడు. దిగినవాళ్ళలో యహ్యా ఉన్నాడు, అయ్యాష్ అనే కుర్రవాడు ఉన్నాడు. గట్టు జారింది. యహ్యా పక్కకు దూకాడు. అయ్యాష్‌ను మట్టి కింది నుంచి తీసేసరికి ప్రాణం లేదు.

అయ్యాష్‌కు తల్లి తప్ప ఎవరూ లేరు. ఆమెను అందరూ ఉమ్ అయ్యాష్ అంటారు, అంటే అయ్యాష్ తల్లి అని. కొడుకు పోయినా ఆ పేరు పోలేదు. పిలిచిన ప్రతిసారీ పిలిచినవాళ్ళే తడబడేవారు.

సంస్థవాళ్ళు వచ్చి పరామర్శించి, "వానల వల్ల జరిగిన ప్రమాదం" అని వెళ్ళిపోయారు. ముక్బిల్ ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. ఊళ్ళో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. గుడారాల్లో ఇంకో మాట ఉండేది కాదు.

జారిన మట్టి తోసేసి దారి కలిపారు, నా బండి గుడారాల దాకా ఎక్కడం మొదలైంది. పది రోజులు తిరక్కుండానే ఫలితాలు చెప్పే సభ పెట్టారు. దారి వల్ల ఏం ఒరిగిందో రెండు వైపుల జనానికీ, డబ్బిచ్చిన విదేశీ పెద్దలకూ వినిపించాలి. చదవాల్సింది ఘుసూన్. సంస్థ ఇంజనీరు బషీర్ అదన్ నుంచి ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎన్ని ఇళ్ళకు పని దొరికింది, నీళ్ళ ధర ఎంత తగ్గింది, సంతకు ఎంత తొందరగా చేరుతున్నారు, అన్నీ ఉన్నాయి. అన్నీ నిజాలే. చివర్న ఒక వాక్యం ఉంది, 'పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఎవరికీ హాని లేకుండా సురక్షితంగా సాగింది' అని.

అప్పుడు నేను గుడారాల దగ్గర ట్యాంకుకు గొట్టం తగిలిస్తున్నాను. ఆమె చదువుతూ ఆగిపోవడం చూశాను.

"ఇంజనీరు గారూ, ఇది పొరపాటున పడినట్టుంది" అంది.

"పొరపాటేం కాదు." బషీర్ చెడ్డవాడు కాదు. మొహం మీద చెమట తుడుచుకున్నాడు. "ఆ కుర్రవాడు పోయింది పని వేళ దాటాక అని పైవాళ్ళు రాసుకున్నారు."

"మా ఆయన పక్కనే ఉన్నాడండీ. మిట్టమధ్యాహ్నం."

"చూడు ఉస్తాదా. రెండో విడతలో చెరువు తవ్వుతారు. ఇంకా ఎక్కువమందికి పని. వచ్చేవాళ్ళు అది ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికే వస్తున్నారు. సభలో గొడవైతే సంచులు సర్దుకుని పోతారు. ఇన్ని ఇళ్ళవాళ్ళ నోటి దగ్గర కూడు నువ్వు లాగేసినట్టవుతుంది. ఆలోచించుకో."

అతను వెళ్ళాక ఆమె నా బండి నీడలో కూలబడింది. కాగితాన్ని నలపలేదు, చింపలేదు. మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది.

నా దగ్గరున్న కబుర్లు ఆమెకు చెప్పక తప్పలేదు. మొదటిసారి ఒక వైపు మాట రెండో వైపు మోశాను. గుడారాల కుర్రాళ్ళు సభలో అయ్యాష్ పేరు రాకపోతే దారికి అడ్డంగా రాళ్ళు పేర్చి పెద్దల బండ్లు కదలనివ్వం అంటున్నారు. ముక్బిల్ అన్నదమ్ములు సభకు తుపాకులతో వస్తున్నారు. మా వాడి పేరు ఎవరి నోట వచ్చినా ఆ నోరు మూయిస్తామంటున్నారు.

"అంటే చెప్పినా చస్తాం, చెప్పకపోయినా చస్తాం" అంది ఘుసూన్.

"జ్వరం వచ్చిందని గుడారంలో పడుకో తల్లీ. బషీరే చదువుకుంటాడు" అన్నాను.

"అప్పుడు ఆ వాక్యం చదివేస్తాడు కదన్నా."

లేచి, బుర్ఖా దులుపుకుని, ఉమ్ అయ్యాష్ గుడారం వైపు నడిచింది. నన్నూ రమ్మంది. సాక్షి కావాలనుకుందో, ధైర్యం కావాలనుకుందో తెలియదు. నేను గుడారం బయట తాడు దగ్గర కూర్చున్నాను.

ఉమ్ అయ్యాష్ పళ్ళెంలో కందిపప్పులాంటి ఎర్ర పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "సభ గురించేనా" అంది.

"అవును ఖాలా." పిన్నీ అన్నట్టు ఘుసూన్ ఆమెను అలా పిలిచేది. "మీ అబ్బాయి సంగతి చెప్పొద్దంటున్నారు. నాకు చెప్పాలని ఉంది. కానీ వాడు మీవాడు. మీరు వద్దంటే నేను నోరెత్తను. ఊరికే తప్పుకుంటాను."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"వాడు ఈ దారి మీద ఒక్కసారైనా నీళ్ళ బండి పైదాకా రావడం చూడలేదు" అంది. "పొద్దున లేస్తే అదే గోల. అమ్మా, ఇక నువ్వు డబ్బా మొయ్యక్కర్లేదు, బండి మన గుమ్మంలోకే వస్తుంది అని. వాడు లేకుండా దారి ఎలా వచ్చిందని చదువుతావే?"

"చదవలేను ఖాలా."

"అయితే చెప్పు. పేరు చెప్పు. గట్టు తడిసిందని వీళ్ళు మొత్తుకున్నారని చెప్పు. దిగమన్నది ఎవరో మాత్రం నువ్వు చెప్పొద్దు."

"ఎందుకని?"

"అది చెప్పాల్సిన నోరు వేరే ఉంది. నీ నోటి నుంచి వస్తే అది తగువవుతుంది. ఆ నోటి నుంచే రావాలి." పళ్ళెం పక్కన పెట్టి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "నా కొడుకు పేరు చెప్పి ఇంకొకళ్ళ కొడుకుని చంపుకుంటే నేను ఊరుకోను. ఆ కుర్రాళ్ళకి కూడా చెప్పు."

అక్కడి నుంచి ఘుసూన్ తిన్నగా గుడారానికి పోతుందనుకున్నాను. ముక్బిల్ ఇంటికి పదమంది. యహ్యాను కూడా బండి ఎక్కించుకుని ఊళ్ళోకి దించాను. ఆ మలుపు వచ్చినప్పుడు యహ్యా తల పక్కకు తిప్పుకున్నాడు.

ముక్బిల్ ఇంటి ముందు అతని అన్నదమ్ములిద్దరు ఖాత్ ఆకు నములుతూ కూర్చున్నారు. మోకాళ్ళ మీద తుపాకులు. ఘుసూన్ వాళ్ళను పలకరించి, మూసి ఉన్న తలుపు దగ్గర నిలబడి గట్టిగా అంది.

"ముక్బిల్ అన్నా, నేను ఘుసూన్‌ని. రేపు సభలో ఏం చెప్తానో అది ముందు నీకు చెప్పి పోదామని వచ్చాను. అయ్యాష్ పేరు చెప్తాను. గట్టు తడిసిందని పనివాళ్ళు చెప్పారని చెప్తాను. నీ పేరు చెప్పను. వాడి తల్లి వద్దంది."

అన్నదమ్ముల్లో పెద్దవాడు లేచాడు.

"బెదిరించడానికొచ్చావా?"

"బెదిరించేదాన్నయితే చెప్పకుండా చేసేదాన్ని అన్నా."

"ఆడదానివి, పరాయి ఊరిదానివి, మా గుమ్మంలో నిలబడి..."

"ఆమెను పోనివ్వండి." తలుపు వెనక నుంచి ముక్బిల్ గొంతు. నాకు ఎప్పటి నుంచో తెలిసిన గొంతే, అయినా గుర్తు పట్టలేకపోయాను. "నువ్వేం చదువుకుంటావో చదువుకో ఉస్తాదా. నేను మాత్రం అక్కడికి రాను."

సభ బడి ఆవరణలో పెట్టారు. ఒక వైపు ఊరు, ఒక వైపు గుడారాలు, మధ్యలో ఎవరూ కూర్చోని ఖాళీ నేల. ఆడవాళ్ళకు ఒక పక్కన తెర కట్టారు. విదేశీ పెద్దలు ఇద్దరు, వాళ్ళ మాట చెప్పేవాడొకడు, బషీర్, షేక్ దబ్వాన్ ముందు కుర్చీల్లో ఉన్నారు. గుడారాల కుర్రాళ్ళు బడి ముందు దారి మీద రాళ్ళు కుప్పపోసి దాని మీదే కూర్చున్నారు. ముక్బిల్ అన్నదమ్ములు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముక్బిల్ ఎక్కడా లేడు. నా బండి తాళం గుప్పెట్లో పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. పారిపోవాల్సి వస్తే ఎటు తిప్పాలా అని చూసుకుంటున్నాను, అబద్ధం ఎందుకు?

తెర వెనక నుంచి ఘుసూన్ గొంతు మైకులో వచ్చింది. పలకరింపు కాగానే ఫలితాల దగ్గరికి పోలేదు.

"ముందు చెడ్డ కబురు. ఈ దారి పనిలో మనం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. అతని పేరు అయ్యాష్. చివరి మలుపులో గట్టు తడిసిందనీ ఆ రోజు దిగలేమనీ పనివాళ్ళు..."

మైకు ఆగిపోయింది. చూస్తే బషీర్ చేతిలో ఊడిన తీగ ఉంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తరువాత గుడారాల వైపు నుంచి కేక లేచింది. "ఎందుకు తీశావ్? పెట్టు తీగ! పెట్టు!" కుర్రాళ్ళు కుప్ప మీది నుంచి దూకారు. వాళ్ళ చేతుల్లో రాళ్ళు. గోడ దగ్గర తుపాకీ గడియ లాగిన చప్పుడైంది. షేక్ దబ్వాన్ లేచి "ఆగండ్రా, ఆగండి" అంటున్నాడు, ఆయన మాట ఆయనకే వినపడడం లేదు. విదేశీ పెద్దల్లో ఒకావిడ కుర్చీలోంచి లేచి బషీర్ మొహంలోకి చూస్తోంది.

అప్పుడు ఘుసూన్ తెర పక్కకు నెట్టి బయటికి వచ్చింది. మా దగ్గర మగవాళ్ళ సభలోకి ఆడమనిషి అలా రావడం నేనెప్పుడూ చూడలేదు. ఖాళీగా ఉన్న మధ్య నేల మీదికి నడిచి, గుడారాల కుర్రాళ్ళ వైపు తిరిగింది.

"రాళ్ళు కింద పెట్టండి. మీరు రాయి విసిరితే ఇక్కడ అయ్యాష్ సంగతి ఎవరికీ గుర్తుండదు, రాయి సంగతే గుర్తుంటుంది. ఇది నా మాట కాదు, ఉమ్ అయ్యాష్ మాట."

"ఆమె అలా అనదు!" అన్నాడొకడు.

"అన్నాన్రా." తెర వెనక నుంచి ఉమ్ అయ్యాష్ కూడా వచ్చేసింది. వచ్చి ఘుసూన్ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. "కానీ తల్లీ. ఎక్కడ ఆపారో అక్కడి నుంచి చెప్పు."

మైకు లేకుండానే ఘుసూన్ చెప్పింది. పనివాళ్ళు గట్టు గురించి చెప్పారని, అయినా పని ఆగలేదని, అయ్యాష్ మట్టి కింద పోయాడని. ఆ తరువాతే కాగితంలోని మిగతా సంగతులు వరసగా చెప్పింది, ఎవరికి పని దొరికిందో, నీళ్ళు ఎలా అందుతున్నాయో, ఎవరి వంతు ఇంకా మిగిలి ఉందో. చివరి వాక్యం దగ్గర ఆగి, "ఇక్కడ ఒక వాక్యం ఉంది, అది నిజం కాదు కాబట్టి చదవను" అంది.

"మరి దిగమన్నదెవరు?" కుర్రాళ్ళలోంచి ఎవరో అరిచారు. "అది కూడా చెప్పు!"

ఆమె కాగితం మడిచేసింది. గోడ దగ్గర అన్నదమ్ములు ముందుకు కదిలారు.

"నేనే."

బడి గోడ వెనక నుంచి ముక్బిల్ వచ్చాడు. ఎప్పటి నుంచి అక్కడ నిలబడి వింటున్నాడో తెలియదు. గడ్డం మాసిపోయి ఉంది. పెద్దన్న చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

"వాళ్ళు దిగమన్నారు, నేను దిగమన్నాను" అని, తడబడి, సరిచేసుకున్నాడు. "వాళ్ళు దిగము అన్నారు. నేను దిగండి అన్నాను. గట్టు చూశాను. నాకు తెలుసు. మలుపు పూర్తవ్వాలని తొందరలో ఉన్నాను."

నడుముకున్న జంబియా కత్తిని ఒరతో సహా విప్పి ఉమ్ అయ్యాష్ ముందు నేల మీద పెట్టాడు. తీర్పు అయ్యేదాకా ఇక అది కట్టుకోవడానికి లేదు. మా కొండల్లో మగాడు అంతకంటే వంగేది ఏమీ లేదు.

ఆమె ఆ కత్తి వంక చూసింది.

"దీన్ని నేనేం చేసుకోను?" అంది. "ఆ గట్టు వచ్చే వానకి మళ్ళీ జారుతుంది. దాని కింద నుంచే పిల్లలు బడికొస్తున్నారు. ముందు అది చూడు."

క్షమించానని అనలేదు. ఘుసూన్ చెయ్యి పట్టుకుని లేచి గుడారానికి వెళ్ళిపోయింది. కత్తిని షేక్ దబ్వాన్ తీసి తన దగ్గర పెట్టుకున్నాడు.

ఆ రోజు రక్తం పడలేదు. అలాగని అంతా చక్కబడిందని చెప్పలేను. విదేశీ పెద్దలు మధ్యాహ్న భోజనానికి ఆగకుండానే వెళ్ళిపోయారు. రెండో విడత మాట వినపడలేదు. ఘుసూన్ ఉద్యోగం ఆ నెలాఖరుతో పోయింది. చలికాలమంతా పని లేదు. రొట్టెలు పంచే వరసలో గుడారాలవాళ్ళే ఆమెను దెప్పారు. "నిజం తిని బతుకు ఉస్తాదా, మాకు కాస్త పిండి దొరికితే చాలు" అందొకావిడ. అయ్యాష్ పేరు రావాలని రాళ్ళు పట్టుకున్న కుర్రాళ్ళలో ఒకడి తల్లి ఆవిడ. ఘుసూన్ తన వంతు రొట్టె తీసుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం యహ్యా నాతో, "తిండి ముట్టలేదన్నా. తప్పు చేశానా అని అడుగుతోంది" అన్నాడు.

ముక్బిల్ మాత్రం ఆ వారమే గట్టు దగ్గర పనికి దిగాడు. కూలి లేదు, ఎవరూ పిలవలేదు. వదులు మట్టి పై నుంచి దింపి, నీళ్ళు పోవడానికి సందులు వదిలి, రెండు మనిషెత్తుల గోడ కట్టాడు. మొదట ఒంటరిగా చేశాడు. కొన్నాళ్ళకు ఒక పొద్దున చూస్తే యహ్యా అతనికి రాళ్ళు అందిస్తున్నాడు. రాయి అడగడానికి ముక్బిల్ చెయ్యి చాపుతున్నాడు, యహ్యా పెడుతున్నాడు. ఊరి పెద్దల తీర్పు చలికాలం చివర్లో అయింది. ఆచారం ప్రకారం తప్పు ఒప్పుకోలుగా ముక్బిల్ తరఫువాళ్ళు ఎద్దును కోశారు. ఉమ్ అయ్యాష్ తీర్పుకు తల ఊపింది, ఆ విందులో ముద్ద ముట్టలేదు.

వసంతంలో సంస్థ తరఫున ఒక కొత్త మనిషి అదన్ నుంచి వచ్చి గోడ చూసి పోయాడు. సభ రోజు వచ్చిన విదేశీ ఆవిడ అక్కడ జరిగింది ఉన్నదున్నట్టు పైకి రాసిందట. చెరువు పని వచ్చింది. మొదట అన్నదానికన్నా చిన్న చెరువు, తక్కువమందికి పని. పనివాళ్ళు వద్దన్న చోట పని ఆపాలన్న షరతు కొత్తగా చేరింది. బషీర్‌నే మళ్ళీ పంపారు.

చెరువు పని సగంలో ఉండగా అతను ఘుసూన్ గుడారం ముందు చెప్పులు విడిచి నిలబడడం నేను చూశాను. జనం సంస్థ పంపిన మాటలు వినడం లేదనీ, "ఘుసూన్ చెప్పిందా?" అని అడుగుతున్నారనీ, మళ్ళీ పనిలోకి రమ్మనీ అడిగాడు.

ఘుసూన్ లోపల నుంచి ఒక పీట తెచ్చి అతనికి వేసింది. యహ్యా కాఫీ పొట్టు కాచిన కిష్ర్ గ్లాసు అందించాడు.

"ముందు ఇది చెప్పండి" అంది. "ఇప్పటిదాకా ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

బషీర్ గ్లాసు చేతిలో పట్టుకుని కాస్త ఇబ్బందిగా కదిలాడు. "పెద్దదేం కాదు. ఒకడి వేలు నలిగింది."

"ఎవరిది? పేరు?"

అతను చెప్పాడు. ఆమె వెంటనే చెప్పులు తొడుక్కుని, ఆ మనిషి గుడారం ఎటువైపో అడిగి, అటు నడిచింది. బషీర్ కిష్ర్ సగంలో వదిలేసి ఆమె వెనకాలే వెళ్ళాడు.